పాలు ఆపమన్న మాట

చైతన్యపురి
2 మే 2024

అన్నకు వందనాలు.

ఈ రోజుల్లో ఉత్తరమేమిటని నవ్వకు. వాట్సాప్‌లో పెడితే ఆపరేషన్ల మధ్యలో చూసి రెండు ముక్కల్లో జవాబిస్తావు. ఫోన్ చేద్దామంటే మా రెండు గదుల ఇంట్లో ఒకరు దగ్గితే అందరికీ వినిపిస్తుంది. అదీగాక ఇది అన్నతో నోరు తెరిచి మాట్లాడే సంగతి కాదు. కాగితం మీదైతే తల దించుకుని రాసేయొచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో కొరియర్ వేస్తే మూడు రోజుల్లో రాయపూర్ చేరుతుందట.

నువ్వు చెప్పినట్టే చేశాను. మెసేజ్‌లో సగమే రాశాను కాబట్టి మొదటి నుంచీ చెబుతాను. పాప పుట్టిన ఆరో వారంలో ఎడమవైపు గట్టిపడింది. ముట్టుకుంటే నిప్పు, పైగా చలిజ్వరం. మా అత్తమ్మ వేడినీళ్ల గుడ్డ వేసి గట్టిగా పిసికింది. "పాలు గడ్డ కట్టినయి, పిండితే పోతది," అంది. పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. రెండు రోజుల్లో నిమ్మకాయంత గడ్డ జామకాయంత అయింది.

బస్తీ దవాఖానలో అరుణమ్మ అని ఒక నర్సు ఉంది. ఆమె చూసి, "పిసకొద్దమ్మా. చల్లటి గుడ్డ ఎయ్యి. పాలు మాత్రం బంద్ చెయ్యకు, బిడ్డను తాగనియ్యి. చీము పట్టింది. స్కానింగ్‌ల చూసుకుంట సూదితోటి గుంజొచ్చు. పెద్దగ కోసుడు అవసరం పడదు," అంది. అక్కడి నుంచి ఎల్బీనగర్‌లో సర్జన్ దగ్గరికి వెళ్లాం. ఆయన ఒక్క నిమిషం చూసి, "కోయాలె, పాలు ఆపాలె," అన్నాడు. ఎవరి మాట వినాలో తెలియకే నీకు రాశాను. నువ్విచ్చిన జవాబు ఇంకా నా ఫోన్‌లో ఉంది. "సర్జన్ చెప్పినట్టు చెయ్యి. చీము పాలు బిడ్డకు వద్దు. నర్సుల మాటలు వినకు." మరునాడే కోయించుకున్నాను.

కోత నాలుగు వేళ్ల వెడల్పు. కుట్లు వేయలేదు. రోజూ లోపల గుడ్డ కూరి కడుతున్నారు, తీసేటప్పుడు మా ఆయన జోయల్ చెయ్యి పట్టుకుంటాను. ఇప్పుడు కొత్త సంగతి. కోసిన చోట నుంచి పాలు వస్తున్నాయి. పాప ఏడిస్తే చాలు, కట్టు తడిసిపోతుంది. పాప పక్క గదిలో ఏడుస్తుంది, నా పుండు ఇక్కడ పాలిస్తుంది. దీన్ని ఏమంటారు అన్నా?

పాలు ఎండబెట్టే మాత్రలు రెండు రోజులు వేసుకున్నాను. పూర్తిగా ఎండలేదు. కుడివైపు బాగానే ఉంది, పాలున్నాయి. "ఇప్పటికైనా మించిపోలేదు, కుడిదిక్కు పట్టియ్యి, ఎడమదీ మెల్లగ మానుతది," అంటోంది అరుణమ్మ. సర్జన్ మాత్రం మాత్రలు మళ్లీ వాడమన్నాడు. ఏం చేయమంటావు? నువ్వు కుడివైపు ఇవ్వమంటే ఈ రోజే ఇస్తాను. పాప ఇంకా వెతుక్కుంటోంది.

నువ్వడిగావని పుండు ఫోటో నిన్న ఫోన్‌లో పంపాను. సిగ్గుతో చచ్చిపోయాను. నువ్వు డాక్టరువని పంపాను, అన్నవని కాదు.

నాన్న బాగున్నాడు. ప్రతి ఆదివారం మూసారాంబాగ్ చర్చిలో నీ పేరు చెప్పి ప్రార్థన చేయిస్తున్నాడు.

నీ చెల్లె
సాధన

---

రాయపూర్
8 మే 2024

సాధనా,

నీ ఉత్తరం అందింది. నీ చేతిరాత చూసి ఎన్నేళ్లయిందో. పదో తరగతిలో ఉన్నట్టే ఉంది, ఇంకా 'ళ' తిరగేసి రాస్తున్నావు.

భయపడకు. అలా గాయం నుంచి పాలు రావడాన్ని మిల్క్ ఫిస్టులా అంటారు. అరుదుగా వస్తుంది. పాలు వస్తున్నంత కాలం మార్గం మూసుకోదు. కాబట్టి పాలు పూర్తిగా ఆపడమే దారి. మాత్రలు ఇంకో విడత వాడు. కుడివైపు ఇచ్చినా ఎడమవైపు ఊరుతుంది, అందుకని రెండూ ఆపాలి. డబ్బా పాలు ఇప్పుడు చాలా మంచివి వస్తున్నాయి. నా తోటి డాక్టర్ల పిల్లలందరూ వాటి మీదే పెరుగుతున్నారు.

ఆ నర్సు సంగతి వదిలెయ్. చూసి చూసి నేర్చుకున్న ముక్కలు నాలుగు చెబుతుంటారు. నేను ఈ భాగానికి సంబంధించిన శస్త్రచికిత్సే ప్రత్యేకంగా నేర్చుకుంటున్నాను. ఈ ఏడాది ఇప్పటికే నూటయాభై కేసుల్లో నిలబడ్డాను.

నాకు అసలు కోపం వచ్చింది మీ అత్తమ్మ మీద. పిసకబట్టే ఇంతదాకా వచ్చింది. నువ్వు మొహమాటపడి చెప్పవని నిన్ననే జోయల్‌కు ఫోన్ చేసి గట్టిగా చెప్పాను. ఆమె చేతికి పాపను కూడా ఇవ్వొద్దన్నాను. ఇకమీద జాగ్రత్తగా ఉంటారు.

ఇక్కడ ఎండ నలభై ఐదు. మెస్‌లో పెట్టేది పప్పని చెబుతారు, పసుపు నీళ్లలా ఉంటుంది. జూన్‌లో మా విభాగం సమావేశంలో మాట్లాడే అవకాశం నాకిచ్చారు. నాన్నకు చెప్పు.

కట్టు తడి కాకుండా చూసుకో.

ప్రేమతో
క్రాంతి

---

చైతన్యపురి
27 మే 2024

అన్నకు,

రెండో విడత మాత్రలు వేసుకున్నాను. నాలుగో రోజుకు రెండువైపులా ఎండిపోయింది. పాప ఏడ్చినా కట్టు పొడిగానే ఉంది. నువ్వు చెప్పింది జరిగింది.

మిగతావి కూడా చెబుతాను, నీకు తెలియాలి.

నువ్వు ఫోన్ చేసిన రోజు జోయల్ కొత్తపేటలో ఒక హాస్టల్ లిఫ్ట్ బాగుచేస్తున్నాడు. చేతిలో పనిముట్లున్నాయని స్పీకర్ పెట్టాడు. పక్కనే అన్నం డబ్బా పట్టుకొచ్చిన అత్తమ్మ నిలబడి ఉంది. అన్నీ విన్నది. ఇంటికొచ్చి చీరలు సర్దుకుంది. నేను కాళ్లకు అడ్డం పడ్డాను. "నా చేతులు గంత పాపపు చేతులైతే నేనీడ ఎందుకు బిడ్డా? నా ముగ్గురు పిల్లలకూ గట్లనే పిండిన. మా అమ్మ నాకట్లనే పిండింది. వేరే ఎట్ల చెయ్యాల్నో నాకెవరు చెప్పిన్రు?" అంది. తుర్కయంజాల్‌లో కూతురింటికి వెళ్లిపోయింది. నేను ఆమె మీద నీకు చాడీ చెప్పాననుకుంటోంది. నేను జరిగింది రాశాను, అంతే.

ఆమె పోయాక ఇంట్లో నేను, పాప. జోయల్ పొద్దున ఎనిమిదికి పోతే చీకటి పడ్డాకే రాక. ఎడమ చెయ్యి ఎత్తలేను. సీసాలు మరగబెట్టాలి, నీళ్లు కాచి చల్లార్చాలి, పొడి కొలవాలి, అంతలో పాప ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లేది. ఎదురు పోర్షన్‌లో స్వప్న అని ఉంది, నల్లగొండ వాళ్లు. ఆమెకు ఏడో నెల. ఆ బరువుతోనే వచ్చి సాయం చేసేది. అయినా ఎక్కడో తప్పింది. సీసానో, నీళ్లో, నా చెయ్యో.

పదిహేడో తారీఖు నుంచి పాపకు విరేచనాలు. రెండో రోజుకు కళ్లు లోపలికి పోయాయి. పిల్లల దవాఖానలో చేర్చాం. మూడో రోజు పాప ఏడవడం మానేసింది. అన్నా, బిడ్డ ఏడవకపోతే ఎట్లా ఉంటుందో నీకు తెలియదు. సెలైన్ సూదికి చేతిలో నరం దొరక్క తలలో పెట్టారు. అక్కడి డ్యూటీ డాక్టర్ నన్ను చూసి, "తల్లిపాలు ఇస్తలేవా? ఎందుకిస్తలేవు?" అని అడిగింది. మా అన్న సర్జన్, ఆయన ఆపమన్నాడని చెప్పాను. ఆమె కేసు షీట్ మీద ఏదో రాసుకుని పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

ఆరో రోజు ఇంటికి పంపారు. బతికింది. అరుణమ్మ ఇంటికొచ్చి, మళ్లీ పట్టి చూద్దామని నా పక్కన కూర్చుంది. పాపను కుడివైపు దగ్గరికి తీసుకున్నాను. రెండుసార్లు నోరు పెట్టి, రాకపోయేసరికి తల తిప్పుకుని సీసా కోసం చూసింది. రోజూ ప్రయత్నిస్తున్నాం. రావడం లేదు.

నీకు కష్టం కలగాలని రాయడం లేదు. ఆ రోజు నువ్వు ఎందుకు అట్లా చెప్పావో ఒక్కసారి చెప్పు. పుస్తకంలో ఉందా? ఉంటే ఏ పుస్తకమో రాయి.

సాధన

---

రాయపూర్
3 జూన్ 2024

సాధనా,

పాప సంగతి చదివి కంగారుపడ్డాను. గండం గడిచింది కదా, దేవునికి స్తోత్రం. ఎండాకాలంలో ఇలాంటివి వస్తుంటాయి. తల్లిపాలు తాగే పిల్లలకూ వస్తాయి.

నీ ఉత్తరంలో కోపం కనబడుతోంది. దాని అసలు కారణం నాకు తెలుసు. నువ్వు ప్రసవించినప్పుడు నేను రాలేదు. అమ్మ లేని ఇంట్లో అన్నయినా పక్కన ఉండాలని నువ్వనుకోవడం న్యాయమే. సెలవు అడిగాను, ఇవ్వలేదు. పాప పేరు జోస్నా అని పెట్టినప్పుడు కూడా ఫోన్‌లో ఫోటోలే చూశాను. ఆ బాధను నువ్వు ఈ వైద్యం మీద పెడుతున్నావు.

పుస్తకం పేరు అడిగావు. ఇలాంటివి ఒక పుస్తకంలో ఒక పేజీలో ఉండవు. మేం నేర్చుకునేది పెద్దవాళ్ల దగ్గర నిలబడి. నా ప్రొఫెసర్ అలాగే చేసేవాడు, ఆయన ప్రొఫెసర్ కూడా అంతే.

మీ అత్తమ్మ కాంతమ్మ గారు వింటుందని నాకెలా తెలుస్తుంది? జోయల్ స్పీకర్ పెట్టకుండా ఉండాల్సింది.

పాపకు ఆరు డబ్బాల పాలపొడి ఆర్డర్ పెట్టాను. మంచి కంపెనీది. ఈ వారంలో మీ ఇంటికే వస్తాయి. నువ్వు ఇక వెనక్కి చూడకు. గాయం మానుతోంది కదా.

సమావేశం పదిహేనో తారీఖు. నా ప్రసంగం నాలుగు నిమిషాలే, కానీ పెద్దవాళ్లంతా ఉంటారు. వీడియో మన ఇంటి గ్రూపులో పెడతాను. నాన్న చూసి సంతోషిస్తాడు.

క్రాంతి

---

చైతన్యపురి
24 జూన్ 2024

అన్నా,

నీ వీడియో చూశాను. నిన్న ఆదివారం చర్చిలో చూశాను.

ఆరాధన అయ్యాక నాన్న నీ వీడియో పెట్టి అందరికీ చూపించాడు. "మావోడు. పెద్ద పెద్ద డాక్టర్ల ముందట మాట్లాడుతుండు, సూడున్రి," అంటూ ఒక్కొక్కరి చేతికీ ఫోన్ ఇచ్చాడు. సంఘ పెద్దలు చూశారు. నాతో చదువుకున్నవాళ్లు చూశారు. నా చేతికి వచ్చేసరికి రెండో నిమిషం నడుస్తోంది. నీ వెనక తెర మీద పుండు ఫోటో. దాని అంచున నీలం పువ్వుల నైటీ గుండీ.

అది నాది. ఆ నైటీ ఆ క్షణాన మా దండెం మీద ఆరుతోంది.

ముఖం లేదు, పేరు లేదు, నాకు తెలుసు. ఎవరూ గుర్తుపట్టలేదు. నాన్నకూ తెలియలేదు. "అబ్బో, ఎంత పెద్ద పుండో, మావోడు మాన్పిండు," అన్నాడు. తన బిడ్డ ఒళ్లు తనే నలుగురికీ చూపిస్తున్నాడని ఆయనకు ఎవరు చెబుతారు? నేను ఫోన్ తిరిగి ఇచ్చేసి బయటికొచ్చాను. మెట్రో స్టేషన్ దాకా జోయల్ పాపను ఎత్తుకుని వెనక్కి చూడకుండా నడిచాడు. ఆయనా గుర్తుపట్టాడు.

నీ ఇంగ్లీషు నాకు అర్థమవుతుందన్నా. పదేళ్లుగా కోచింగ్ సెంటర్ రిసెప్షన్‌లో కూర్చుంటున్నాను. "పాలు విజయవంతంగా ఆపివేయబడ్డాయి, రోగి పూర్తిగా కోలుకుంది," అన్నావు. చప్పట్లు కొట్టారు.

ఆ రోగి కూతురు ఆరు రోజులు దవాఖానలో ఉందని నువ్వు చెప్పలేదు.

నువ్వు పంపిన ఆరు డబ్బాలు అందాయి.

సాధన

---

రాయపూర్
19 ఆగస్టు 2024

సాధనా,

రెండు నెలలుగా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తున్నాను. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తడం లేదు. ఎత్తినా ఏం చెప్పేవాణ్నో తెలియదు.

ముందుగా ఆ ఫోటో. నిన్ను అడగలేదు. అడిగితే వద్దంటావని తెలిసే అడగలేదు. ఇంతకన్నా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

రెండోది. పోయిన వారం మాకు రెండు రోజుల తరగతి పెట్టారు. రొమ్ము ఆపరేషన్లు చేసే సర్జన్లకు పాలిచ్చే తల్లుల గురించి నేర్పే తరగతి. నేను వెళ్లనన్నాను, అది పిల్లల డాక్టర్ల పని అన్నాను. మా చీఫ్ పేరు రాసేశాడు. వచ్చిన మేడం అరవై దాటిన మనిషి, తనూ సర్జనే. మొదటి ప్రశ్న, "మీలో ఎంతమంది పాలిచ్చే తల్లికి పాలు ఆపమని చెప్పారు?" గదిలో ఉన్న ఇరవై ఆరుగురం చేతులెత్తాం. నవ్వుకుంటూనే ఎత్తాం. రెండో ప్రశ్న, "పాలు ఎలా తయారవుతాయో మీకు ఎవరైనా పూర్తిగా నేర్పారా?" ఒక్క చెయ్యీ లేవలేదు.

ఆమె చెప్పినవి రాస్తున్నాను. వాపు వస్తే పిసకకూడదు, పిసికితే లోపలి కణజాలం నలిగి వాపు పెరుగుతుంది. వేడి కన్నా చల్లదనం మేలు. చీము పడితే ముందు స్కానింగ్ చూస్తూ సూదితో తీయాలి, అవసరమైతే రెండు మూడు సార్లు. అది కుదరకపోతే చిన్న గాటు పెట్టి సన్నటి గొట్టం వదలాలి. నాలుగు వేళ్ల కోత కోసి రోజూ గుడ్డ కూరనక్కర్లేదు. మామూలుగా వాడే మందులు చాలావరకు పాలిచ్చే తల్లికి పనికొస్తాయి. బిడ్డ తాగుతూనే ఉండొచ్చు, ఆ వైపు కూడా. గాయంలోంచి పాలు వచ్చినా బిడ్డను మాన్పించాల్సిన పనిలేదు, చాలావరకు దానంతటదే మానుతుంది. పాలు ఒక్కసారిగా ఆపితేనే లోపల నిలిచిపోయి ఇంకా చెడవచ్చు.

మధ్యాహ్నం భోజనం వదిలేసి మెట్ల మీద కూర్చున్నాను. మే ఎనిమిదిన నేను నీకు రాసిన ప్రతి వాక్యం తప్పు. ఏప్రిల్‌లో నీ మెసేజ్ వచ్చినప్పుడు రెండు కేసుల మధ్య చేతులు కడుక్కుంటున్నాను. నువ్వు నా చెల్లెలివి. ఎక్కడ, ఎంత, ఎలా ఉందని అడగాలంటే నోరు రాలేదు. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లను రోజూ అడుగుతాను. నీ దగ్గరికి వచ్చేసరికి త్వరగా తెంపేయాలనిపించింది. ఆపెయ్ అని రాస్తే ఆ మాట అక్కడితో అయిపోతుందనుకున్నాను. మే నెలలో తీరిగ్గా చదివి కూడా అదే రాశాను. అప్పటికి అది అహంకారం. ఈ అవయవం కోయడం నాకు తెలుసు కాబట్టి దాని గురించి అంతా తెలుసనుకున్నాను.

నువ్వు పుస్తకం పేరు అడిగావు. ఉంది. పాలిచ్చే రోజుల్లో వచ్చే జబ్బుల మీద మా పాఠ్యపుస్తకంలో ఒకటిన్నర పేజీ. పరీక్షలో రాదని మా బ్యాచ్ అంతా వదిలేశాం.

నన్ను క్షమించమని అడిగే అర్హత లేదు. ఒక్కటి అడుగుతాను. మా జూనియర్లకు ఈ విషయం చెప్పాలనుకుంటున్నాను. నీ సంగతి చెప్పనా? ఫోటో ఉండదు.

క్రాంతి

---

చైతన్యపురి
1 సెప్టెంబరు 2024

అన్నా,

రెండు రోజుల తరగతి గురించి రాశావు. చదివాను. అందులో నాకు కొత్త మాట ఒక్కటీ లేదు.

పిసకొద్దని, చల్లటి గుడ్డ వేయమని, సూదితో తీయొచ్చని, బిడ్డను తాగనివ్వమని ఏప్రిల్‌లోనే అరుణమ్మ చెప్పింది. నేను నీకు రాశాను. ఆమె తెలుగులో చెప్పింది, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చెప్పింది. నీ మేడం ఇంగ్లీషులో తెర మీద చూపించింది. నీకు వినబడటానికి అంత తేడా కావాల్సి వచ్చింది.

అరుణమ్మను అడిగాను, నీకెట్ల తెలుసని. "ఇరవై ఏండ్లల్ల ఎంతమంది తల్లులను చూసిన? ఆపినోళ్ల పిల్లలు ఏమైన్రో, ఆపనోళ్ల పిల్లలు ఏమైన్రో ఇంటింటికి తిరిగి చూసుడే నా కొలువు. డాక్టర్లు కోసి పంపిస్తరు, తర్వాత ఏమైందో వాళ్లకు తెల్వది," అంది. నాకు తర్వాత ఏమైందో నేను రాస్తే గానీ నీకు తెలియలేదు. రాసినా ఎండాకాలం అన్నావు.

నా సంగతి చెప్పుకోవచ్చా అని అడిగావు. చెప్పుకో. మూడు పనులు చేశాకే చెప్పుకో. ఆ వీడియో అన్ని చోట్ల నుంచి తీసెయ్. మా అత్తమ్మకు ఫోన్ చెయ్యి. ఆమె తెలియక పిసికింది. నువ్వు అన్నీ తెలుసనుకుని ఆపించావు. ఇద్దరిలో ఎవరిని ఇంట్లోంచి పంపాలో నువ్వే చెప్పు. మూడోది, నా కథ చెప్పేటప్పుడు ఆపమన్నది నువ్వేనని చెప్పు. ఎవరో సర్జన్ అనొద్దు. 'నేను' అను. వద్దన్న నర్సు పేరు అరుణమ్మ అని చెప్పు.

జోస్నాకు ఆరు నెలలు నిండాయి. ఉగ్గు తింటోంది. రంగు వచ్చింది. నన్ను చూసి నవ్వుతుంది, దానికేమీ తెలియదు.

సాధన

---

రాయపూర్
20 అక్టోబరు 2024

సాధనా,

వీడియో తీయించాను. నాన్న ఫోన్‌లో ఇంకా ఉండొచ్చు, నువ్వే చూసి తీసెయ్యి.

కాంతమ్మ గారితో మాట్లాడాను. నేను మొదలుపెట్టేలోపే, "నాయినా, నువ్వు డాక్టర్‌వి, నీకు తెలుస్తదనే నేను పోయిన. నా మనుమరాలు దవాఖానల ఉన్నప్పుడు నేను ఆడ లేకపోతి," అని ఏడ్చింది. క్షమించమన్నాను. "నన్నడుగుడు ఎందుకు, బిడ్డనడుగు," అని ఫోన్ పెట్టేసింది.

మూడోది చెప్పడానికే ఈ ఉత్తరం. నిన్న జూనియర్లకు క్లాసు చెప్పాను. చీఫ్ కూడా వచ్చి వెనక కూర్చున్నాడు. అంతా చెప్పాను, అరుణమ్మ పేరు చెప్పాను. కోత గురించి, మాత్రల గురించి, పాప గురించి చెప్పాను. పాలు ఆపమని సలహా ఇచ్చింది రోగి బంధువు అన్నాను. 'నేను' అనే మాట రాసుకుని వెళ్లాను సాధనా, కాగితం మీద ఉంది. నోటికి రాలేదు. చీఫ్ వెనక నుంచి, "ఎవరా బంధువు? ఆర్‌ఎంపీనా, మంత్రగాడా?" అన్నాడు. గది గదంతా నవ్వింది.

నేనూ నవ్వాను.

నీతో అబద్ధం చెప్పకూడదని రాస్తున్నాను.

క్రాంతి

---

చైతన్యపురి
8 డిసెంబరు 2024

అన్నా,

నీ ఉత్తరానికి జవాబు రాయకూడదనుకున్నాను. ఒకటి జరిగింది, అందుకు రాస్తున్నాను.

స్వప్నకు ఆగస్టులో బాబు పుట్టాడని నాన్న చెప్పే ఉంటాడు. పోయిన నెల ఆమెకూ గడ్డ వచ్చింది. అదే జ్వరం, అదే నిప్పు. వాళ్ల అమ్మ సుమిత్రమ్మ ఊరి నుంచి వచ్చి వేడినీళ్లు కాస్తుంటే నేనే పొయ్యి ఆపేశాను. అరుణమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. ఆమె ఒక చీటీ రాసి మా చేతిలో పెట్టి సర్జన్ దగ్గరికి పంపింది. స్వప్న భర్త సాయికుమార్ క్యాబ్‌లో ఎక్కించుకుని తెలిసినచోటికే పోనిచ్చాడు. ఎల్బీనగర్, అదే మెట్లు, అదే సర్జన్. మెట్లెక్కుతుంటే నా ఎడమవైపు మంట పుట్టింది.

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. స్వప్నను ఒక్క నిమిషం చూసి, "కోయాలె. పాలు ఆపాలె," అన్నాడు. అవే రెండు మాటలు. నేను నిలబడి, "సార్, స్కానింగ్‌ల చూసి సూదితోటి తీయొచ్చు కదా? బిడ్డను తాగనియ్యొచ్చు కదా?" అన్నాను.

"ఎవరు చెప్పిన్రమ్మా నీకు?"

"బస్తీ దవాఖానల అరుణమ్మ చెప్పింది సార్. గీ చీటీ ఆమె రాసిందే."

ఆయన చీటీ విప్పలేదు. "గట్లయితే ఆమెతోనే చేయించుకోన్రి," అని బెల్లు కొట్టబోయాడు. స్వప్న లేచింది. సాయికుమార్ నా వైపు చూశాడు. అప్పుడు అన్నాను. "మా అన్న కూడా అదే చెప్పిండు సార్. డాక్టర్ క్రాంతి కుమార్, ఎం.ఎస్. రాయపూర్‌ల రొమ్ము సర్జన్. కావాలంటే ఫోన్ కలుపుతా."

చెయ్యి బెల్లు మీద ఆగింది. "అట్లనా? ఏ కాలేజీ?" అని అడిగాడు. చెప్పాను. నన్ను కూర్చోమన్నాడు, స్వప్నను మళ్లీ చూశాడు. స్కానింగ్‌కు రాశాడు. వారంలో మూడుసార్లు సూదితో చీము తీశారు. మందులు వాడింది, బాబు తాగుతూనే ఉన్నాడు. గాటు లేదు, గుడ్డ కూరడం లేదు. నిన్నటికి గడ్డ జాడ లేదు. మళ్లీ ఏదైనా తగిలితే ఆలస్యం చేయక పరీక్ష చేయించమని అరుణమ్మ గట్టిగా చెప్పింది.

నేను గొంతు చించుకుని చెప్పినా వినడు. ఇరవై ఏళ్లు ఇంటింటికీ తిరిగిన మనిషి చీటీ రాసిచ్చినా విప్పడు. నీ పేరు చెబితే విన్నాడు. నా పాలు ఆపిన పేరు చెప్పి స్వప్న పాలు నిలబెట్టాను. చెప్పేటప్పుడు నాలుక చేదెక్కింది. అయినా రేపు ఇంకొకరికి అవసరమైతే మళ్లీ చెబుతాను, నీ అనుమతి అడగను.

అత్తమ్మ తిరిగి వచ్చింది. నాతో సరిగ్గా మాట్లాడదు, జోస్నాను మాత్రం కింద దించదు. నువ్వు క్రిస్మస్‌కు వస్తానన్నావని నాన్న చెప్పాడు. రా. పాపను ఎత్తుకో. నాకు ఏదో చెప్పాలని మాత్రం గదిలోకి పిలవకు. నవ్వానని రాశావు చూడు, ఆ మాట దాటి నేను ఇంకా ముందుకు పోలేదు.

నిన్న సాయంత్రం స్వప్న నన్ను పిలిచింది. "అక్కా, ఇటు రా, ఎట్ల తాగుతుండో చూడు," అని. చూశాను. వాడు కళ్లు మూసుకుని, ఒక చెయ్యి తల్లి జాకెట్టు మీద వేసుకుని గుటకలేస్తున్నాడు. పాలు మూతి పక్క నుంచి కారుతున్నాయి. స్వప్న నావైపు చూసి నవ్వుతోంది, నా చలవే అంటోంది. నాకు నిజంగానే సంతోషమైంది అన్నా. స్టవ్ మీద పాలు పెట్టొచ్చానని చెప్పి బయటికొచ్చేశాను.

సాధన